చక్రాల ఇంటికి చక్రాల ట్యాంకు

స్నానం చేస్తాం, గిన్నెలు కడుగుతాం, మరుగుదొడ్డిలో నీళ్లు పోస్తాం. ఆ నీళ్లు గొట్టంలోకి జారగానే మన కంటికే కాదు, ఆలోచనకు కూడా దూరమవుతాయి. కాని ఇల్లే చక్రాల మీద తిరుగుతుంటే? ఇవాళ అడవి పక్కన, రేపు సరస్సు ఒడ్డున ఆగే ఇంటికి మురుగుకాలువ ఎక్కడినుంచి వస్తుంది?

అమెరికాలో లక్షలాది కుటుంబాలు సెలవుల్లో ఇలాంటి ఇళ్లలోనే తిరుగుతాయి. వాటిని అక్కడ ఆర్.వి.లు అంటారు. రిక్రియేషనల్ వెహికిల్ అన్న మాటలకు అది పొట్టిపేరు. కొన్నింటికి సొంత ఇంజను ఉంటుంది. కొన్నింటిని పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోతారు. లోపల పడకలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా వేసవిలో వీటిని అద్దెకు తీసుకుని జాతీయ పార్కులు చూసిరావడం కద్దు.

మొదటి రెండు రోజులు హాయిగానే గడుస్తాయి. మూడోరోజు ఉదయం స్నానాలగదిలో నీళ్లు కిందికి పోకపోగా, మురికినీళ్లే పైకి ఉబికి వస్తాయి. వాహనం అడుగునున్న ట్యాంకు నిండిందన్నమాట. ఇప్పుడేం చెయ్యాలి? ఈ చిన్న ప్రశ్నలో మనం పాఠాల్లో చదువుకున్న భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం మూడూ ఉన్నాయి.

మూడు ట్యాంకులు

సాధారణంగా ఆర్.వి.లో మూడు ట్యాంకులుంటాయి. మొదటిది మంచినీటిది. రెండోది స్నానం చేసిన నీరు, గిన్నెలు, చేతులు కడిగిన నీరు చేరే ట్యాంకు. దీన్ని గ్రే ట్యాంకు అంటారు. మూడోది మరుగుదొడ్డి కిందిది. దీని పేరు బ్లాక్ ట్యాంకు.

విడిది స్థలాలు కూడా రకరకాలు. కొన్నిచోట్ల ప్రతి వాహనం దగ్గరా నీటి కొళాయి, విద్యుత్తు, మురుగు గొట్టం మూడూ అమర్చి ఉంటాయి. అక్కడ సమస్యే లేదు. కాని ప్రకృతి అందంగా ఉన్నచోట ఈ సౌకర్యాలు తక్కువ. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో ఇన్ని విడిది స్థలాలున్నా, మూడు సౌకర్యాలూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఒక్కచోటే. యోసెమిటీ పార్కు విడిది స్థలాల్లో అసలు లేవు. అలాంటి చోట్ల అందరికీ కలిపి డంప్ స్టేషన్ అనే ఒక ఉమ్మడి పారబోత కేంద్రం ఉంటుంది. అక్కడ నేలలోని మూత తీసి, మురుగును అందులోకి వదలాలి.

ఆ కేంద్రం అర కిలోమీటరు దూరంలో ఉందనుకోండి. ట్యాంకు నిండినప్పుడల్లా ఇంటినంతా కదిలించాలి. పరుపులు సర్దాలి, గిన్నెలు లోపల పెట్టాలి, కరెంటు తీగ ఊడదీయాలి. దీనికి విరుగుడుగా వచ్చిందే చక్రాలున్న ప్లాస్టిక్ ట్యాంకు. వాడుకలో టోట్ ట్యాంకు అంటారు. వాహనంలోని మురుగును కొంచెం కొంచెంగా దీనిలోకి దించి, తోసుకుంటూ తీసుకెళ్లి కేంద్రంలో పారబోస్తారు. ఇవి సుమారు 15 గాలన్లనుంచి 40 గాలన్ల దాకా అనేక సైజుల్లో దొరుకుతాయి. అమెరికన్ గాలను అంటే 3.785 లీటర్లు.

కొనబోయేవారికి మొదట తట్టే ఆలోచన ఒకటే: ‘ఎలాగూ కొంటున్నాం కదా, పెద్దదే కొందాం.’ ఇది సరైనదేనా? లెక్క వేసి చూద్దాం.

ఏది ముందు నిండుతుంది?

నలుగురున్న కుటుంబం అనుకుందాం. ఆర్.వి. మరుగుదొడ్డికి ఇంటి మరుగుదొడ్డి అంత నీరు అక్కరలేదు. వాడిన ప్రతిసారీ ఒక లీటరు చొప్పున, మనిషి రోజుకు అయిదుసార్లు వాడితే 5 లీటర్లు. శరీరంనుంచి వచ్చేది మరో రెండు లీటర్లు వేసుకుందాం. మనిషికి 7, నలుగురికి 28 లీటర్లు.

ఇక గ్రే ట్యాంకు. ఒళ్లు తడుపుకొని షవరు కట్టేసి, సబ్బు రుద్దుకొని మళ్లీ తిప్పుకొనే పొదుపు స్నానానికి కూడా 12 లీటర్లవుతాయి. నలుగురికి 48. గిన్నెలకు 15, ముఖాలకు చేతులకు 12. మొత్తం 75 లీటర్లు.

వాహనంలోని రెండు ట్యాంకులూ 150 లీటర్లవే అనుకుంటే, గ్రే ట్యాంకు రెండు రోజుల్లో నిండుతుంది. బ్లాక్ ట్యాంకు అయిదు రోజులు దాటాక నిండుతుంది. కనుక మనల్ని ముందుగా ఇబ్బంది పెట్టేది మనం భయపడే మలం కాదు, ఏమీ కాదనుకునే స్నానాల నీరే! టోట్ ట్యాంకును ఎంచుకోవలసింది కూడా ఈ నీటి లెక్కనుబట్టే.

లీటరంటే కిలో

నీటి ప్రత్యేకత మనకు తెలిసిందే. లీటరు నీరు దాదాపు కిలో తూగుతుంది. మురుగులో 99 శాతానికిపైగా నీరే కనుక దానికీ ఇదే లెక్క. 28 గాలన్ల ట్యాంకంటే 106 లీటర్లు, అంటే 106 కిలోలు. ట్యాంకు సొంత బరువు 15 కిలోలనుకుంటే మొత్తం 120 కిలోలు దాటింది. రెండు సిమెంటు బస్తాలకన్నా ఎక్కువ! 36 గాలన్లదైతే లోపలి ద్రవమే 136 కిలోలు. 15 గాలన్ల చిన్న ట్యాంకు మాత్రం నిండా నింపినా 70 కిలోలకు మించదు.

చదును నేల మీద చక్రాలు ఈ బరువును మోస్తాయి. కాని పది మీటర్లకు ఒక మీటరు లేచే వాలు వస్తే, బరువులో పదోవంతు మనల్ని వెనక్కు లాగుతుంది. 120 కిలోలకు అది 12 కిలోల బలం. చక్రాల ఘర్షణ దీనికి అదనం. వాలు ఎక్కేటప్పుడు ఆగి ఊపిరి తీసుకోవచ్చు. దిగేటప్పుడు అదే బలం ట్యాంకును మన కాళ్ల మీదికి తోస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇప్పుడు ఎన్నిసార్లు తిరగాలో చూద్దాం. గ్రే ట్యాంకులో 150 లీటర్లున్నాయి. అంచుదాకా నింపకుండా కొంత ఖాళీ వదిలితే, పెద్ద ట్యాంకుతో రెండుసార్లు తిరగాలి. 57 లీటర్ల చిన్న ట్యాంకుతో మూడుసార్లు. ప్రతిసారీ దాదాపు ఒకటిన్నర రెట్ల బరువు లాగితే, మిగిలేది ఒకే ఒక్క విడత! డంప్ స్టేషన్ నడక దూరంలో ఉంటే చిన్నదే మేలు. కిలోమీటరు దూరం ఉండి, కారుకో ట్రక్కుకో తగిలించి లాగక తప్పనప్పుడే పెద్దదానికి అర్థం ఉంది.

రెండు చక్రాలా, నాలుగా?

రెండు చక్రాల ట్యాంకును చేతిబండిలా ఒకవైపు ఎత్తి లాగాలి. ఇది తులాదండ సూత్రం. చక్రాలనుంచి పిడి ఉన్న దూరంలో నాలుగోవంతు దగ్గర భారకేంద్రం ఉంటే, బరువులో నాలుగోవంతు మన చేతి మీద పడుతుంది. 120 కిలోలకు 30 కిలోలు. కాసేపు నడిచేసరికి నడుం పట్టేస్తుంది. చిన్న ట్యాంకులకు రెండు చక్రాలు చాలు. పెద్దవాటికి నాలుగు ఉండాలి. అప్పుడు బరువంతా నేల మీదే ఉంటుంది, మనం లాగడమే.

చక్రం ఎంత పెద్దదైతే గుంతల్లో, కంకర మీద అంత సులువుగా దొర్లుతుంది. సన్నని గట్టి ప్లాస్టిక్ చక్రాలు కంకరలో కూరుకుపోతాయి. విడిది స్థలాల్లో తారు దారులకన్నా కంకర దారులే ఎక్కువ కనుక, వెడల్పయిన రబ్బరు చక్రాలు చూసుకోవడం మంచిది.

కారుతో లాగేటప్పుడు తయారీదారులు సాధారణంగా గంటకు 8 కిలోమీటర్లు మించవద్దంటారు. అంటే చురుగ్గా నడిచే మనిషి వేగంకన్నా కొంచెం ఎక్కువ. ఎందుకింత జాగ్రత్త? గతిశక్తి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. పైగా లోపలున్నది ఘనపదార్థం కాదు. మలుపు తిరిగినప్పుడు ద్రవం ఒక పక్కకు ఒరిగి, భారకేంద్రాన్ని కూడా తనతో తీసుకెళ్తుంది. ‘నిండుకుండ తొణకదు’ అన్న సామెతలో భౌతికశాస్త్రం ఉంది. సగం నిండిన బిందెను నడుమున పెట్టుకొని నడిచినవారికి అది బాగా తెలుసు. సగం నింపిన పెద్ద ట్యాంకుకన్నా, దాదాపు నిండిన చిన్న ట్యాంకు స్థిరంగా నడుస్తుంది. చిన్నదానివైపు ఇది మరో ఓటు.

పది సెకన్ల సమస్య

మురుగును వాహనంనుంచి టోట్‌లోకి దించడానికి పంపు అక్కరలేదు, గురుత్వాకర్షణే చాలు. అయితే ఇందులో రెండు మెలికలున్నాయి.

మొదటిది ఎత్తు. గొట్టంతో కలిపిన రెండు పాత్రల్లో ద్రవమట్టాలు సమానం కాగానే ప్రవాహం ఆగిపోతుంది. టోట్ ట్యాంకు పైభాగం వాహనపు గొట్టంకన్నా ఎత్తుగా ఉంటే, అది సగం నిండాక మురుగు దిగడం మానేస్తుంది. అందుకే ఈ ట్యాంకులను నిలువుగా కాక, వెడల్పుగా, బల్లపరుపుగా తయారుచేస్తారు. కొనేముందు మన వాహనపు గొట్టం నేలకు ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలుచుకోవాలి.

రెండోది వేగం. ద్రవమట్టానికి, రంధ్రానికి మధ్య 30 సెంటీమీటర్ల ఎత్తుంటే, 17వ శతాబ్దపు ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లి చెప్పిన సూత్రం ప్రకారం ద్రవం సెకనుకు 2.4 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. ఆర్.వి. మురుగు గొట్టం వ్యాసం 3 అంగుళాలు. దాని వైశాల్యం దాదాపు 46 చదరపు సెంటీమీటర్లు. రెండింటినీ హెచ్చిస్తే సెకనుకు 11 లీటర్లు! గొట్టం ముడతల్లో, మలుపుల్లో సగం పోయిందనుకున్నా 57 లీటర్ల ట్యాంకు నిండడానికి పది సెకన్లు చాలు. వాల్వు తెరిచి, చేతి తొడుగుల కోసం లోపలికి వెళ్లొస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఈ ప్రమాదం తప్పించడానికి కొన్ని ట్యాంకులకు నిండినట్టు చూపే తేలే సూచిక ఉంటుంది. గొట్టం మొదట్లో పారదర్శకమైన వంపు అమర్చుకుంటే ప్రవాహం కంటికి కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాల్వు మీద చెయ్యి తీయకపోవడం. మరో విషయం. ద్రవం లోపలికి వస్తుంటే గాలి బయటికి పోవాలి. అందుకే గాలిరంధ్రం మూత తెరిచి ఉంచాలి. లేకపోతే సీసాలో నీళ్లు నింపేటప్పటి గుడగుడలే ఇక్కడా మొదలై, మురుగు మన మీదికే చిమ్ముతుంది.

పారబోసేటప్పటి సంగతి కూడా కొనేముందే ఆలోచించాలి. ట్యాంకు అడుగునుంచి గొట్టం తగిలించి వదిలే వీలుందా, లేక ట్యాంకునే ఎత్తి ఒంపాలా? వంద కిలోల ట్యాంకును ఎత్తి ఒంపడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

ట్యాంకు దేనితో చేస్తారు?

ఎక్కువగా అధిక సాంద్రత గల పాలిథిన్‌తో. మన మేడల మీద కనిపించే నల్లని నీళ్ల ట్యాంకులు కూడా పాలిథిన్ కుటుంబానివే. ఇది నీటికన్నా కొంచెం తేలిక. ఆమ్లాలకు, క్షారాలకు, సబ్బులకు లొంగదు, తుప్పు పట్టదు. దీని శత్రువు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు. అవి పొడవాటి అణుగొలుసులను తెంచి ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తాయి. అందుకని తయారీలోనే కిరణాలను తట్టుకొనే పదార్థాలు కలుపుతారు. అతుకులు లేకుండా ఒకే ముక్కగా పోత పోసిన ట్యాంకు ఎంచుకోవాలి. పగులు ఎప్పుడూ అతుకు దగ్గరో, గొట్టం బిగించే చోటో మొదలవుతుంది. కొండప్రాంతాల్లో రాత్రి చలి సున్నా డిగ్రీలకు దిగితే మరో చిక్కు. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం వ్యాకోచించి వాల్వును పగలగొడుతుంది. రాత్రి ట్యాంకును ఖాళీగా ఉంచడమే దీనికి మందు.

వాసన వెనక జీవులు

మూసిన ట్యాంకులో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ అవసరంలేని సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే కుళ్లిన గుడ్ల వాసన. ఇది గాలికన్నా బరువైన విషవాయువు. మోతాదు ఎక్కువైతే వాసన పసిగట్టే శక్తినే ముందు చంపేస్తుంది. ‘వాసన తగ్గింది, ఇక భయం లేదు’ అనుకోవడం అందుకే ప్రమాదకరం. ట్యాంకులోకి ముఖం పెట్టి చూడకూడదు.

వాసన అణచడానికి ఫార్మాల్డిహైడ్ కలిపిన మందులు చాలాకాలంగా వాడకంలో ఉన్నాయి. అవి సూక్ష్మజీవులను చంపుతాయి. చిక్కంతా అక్కడే ఉంది. డంప్ స్టేషన్ మురుగు చివరికి చేరేది సెప్టిక్ ట్యాంకుకో, శుద్ధి కేంద్రానికో. అక్కడ మురుగును శుభ్రం చేసే పని చేసేది కూడా సూక్ష్మజీవులే. మన మందు వాటినీ చంపుతుంది. పైగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎంజైములతోను, మేలుచేసే సూక్ష్మజీవులతోను తయారైన మందులను ఎంచుకోవడం ఉత్తమం. అన్నిటికన్నా మంచి మందు, ట్యాంకును తరచు ఖాళీ చెయ్యడం.

‘స్నానాల నీరే కదా, చెట్టు మొదట్లో పోస్తే ఏం?’ అని కొందరంటారు. ఆ నీటిలో సబ్బు, జిడ్డు, తిండి మెతుకులతోపాటు మన శరీరంనుంచి వచ్చిన సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. ఒక్క కుటుంబం పోస్తే నేల భరిస్తుందేమో. వేసవిలో అదే చోట వందల కుటుంబాలు ఆగుతాయి. ఇక బ్లాక్ ట్యాంకులో సాల్మొనెల్లా, జియార్డియా, హెపటైటిస్-ఎ వైరస్ వంటివి ఉండవచ్చు. అవి వాగులో చేరితే దిగువన ఆ నీరు తాగేవారికి జబ్బులు తప్పవు. అందుకే అమెరికా జాతీయ పార్కుల్లో వాహనాల మురుగును నిర్ణీత స్థలంలో తప్ప మరెక్కడా వదలకూడదని నిబంధన ఉంది.

పారబోసే క్రమం కూడా ఉంది. చేతి తొడుగులు వేసుకోవాలి. ముందు బ్లాక్ ట్యాంకు, తర్వాత గ్రే ట్యాంకు వదలాలి. సబ్బునీరు గొట్టాన్ని కడిగేస్తుంది. చివర ట్యాంకును కడగడానికి మంచినీళ్లు పట్టే గొట్టాన్ని ఎప్పుడూ వాడకూడదు.

ఎవరి బరువు వారిదే

ఈ కథ అమెరికా విహారయాత్రలకే పరిమితం కాదు. కదిలే వాహనంలోని మలం ఎక్కడికి పోవాలన్న ప్రశ్నను మన రైళ్లు దశాబ్దాలపాటు పట్టాల మీదికే వదిలేశాయి. దానివల్ల పట్టాలు తుప్పుపట్టేవి, స్టేషన్లు కంపు కొట్టేవి. అన్నిటికన్నా ఘోరం, ఆ మలాన్ని ఎవరో ఒక మనిషి శుభ్రం చేయవలసి వచ్చేది. రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఒ.తో కలిసి రైల్వేలు రూపొందించిన జీవ మరుగుదొడ్లు 2010వ దశకంలో పెద్ద ఎత్తున పెట్టెలకు అమరాయి. పెట్టె అడుగునున్న ట్యాంకులో ఆక్సిజన్ అక్కరలేని సూక్ష్మజీవులే మలాన్ని నీరుగా, వాయువులుగా మారుస్తాయి. ఆర్.వి. ట్యాంకులో కంపు పుట్టించే జాతి జీవులకే ఇక్కడ ఉద్యోగం ఇచ్చారన్నమాట! కాని ప్రయాణికులు సీసాలు, ప్లాస్టిక్ సంచులు వేస్తే ఏ సూక్ష్మజీవి ఏం చేయగలదు?

మనుషులచేత మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా మురుగుగుంతల్లోకి దిగి విషవాయువులకు బలైనవారి వార్తలు ఇంకా వింటూనే ఉన్నాం. మరోవైపు మన దేశంలోనూ కారవాన్ పర్యాటకం మొదలైంది. కేరళ ప్రభుత్వం 2021లో ఇందుకోసం ఒక పథకమే ప్రకటించింది. రేపు ఇలాంటి వాహనాలు మన అడవులకు, సముద్రతీరాలకు వస్తే, వాటికి రోడ్లకన్నా ముందు పారబోత కేంద్రాలు కావాలి.

మంచి టోట్ ట్యాంకు ఏది అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. అంగడిలో అన్నిటికన్నా పెద్దది కాదు. నిండినప్పుడు కూడా మనం ఒక్కరమే అదుపు తప్పకుండా నడపగలిగినది, మన వాహనపు గొట్టంకన్నా తక్కువ ఎత్తున్నది, ఎత్తి ఒంపనక్కర లేకుండా ఖాళీ అయ్యేది. దాన్ని తోసుకుంటూ నడిచే మనిషి తన కుటుంబం వాడిన ప్రతి లీటరు నీటినీ కిలోల్లో అనుభవిస్తాడు. మర్నాడు షవరు కొంచెం ముందే కట్టేస్తాడు.

మీరూ ఒక పని చేసి చూడండి. ఒక రోజంతా మీ ఇంట్లో ఎన్ని బకెట్ల నీళ్లు వాడారో పుస్తకంలో రాయండి. బకెట్టు ఎన్ని లీటర్లదో చూసి హెచ్చించండి. ఆ నీళ్లన్నీ సాయంత్రం మీరే అర కిలోమీటరు మోసుకెళ్లి పారబోయాలంటే ఎన్ని కిలోలవుతాయో లెక్కకట్టండి. ఆ అంకె చూశాక కొళాయి కట్టేయమని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.